గొట్టం మీద మూడు చుక్కలు

మా మామ తుపాకి గొట్టం మీద మా అత్త వేలి గుర్తులు మూడు ఉండేవి. వాటిని గరుకు కాగితంతో రుద్ది, ఆనవాలు లేకుండా తీసేసినవాణ్ణి నేను. ఈ మాట రాయడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. వేదికల మీద ఎవరికీ జంకకుండా మాట్లాడాను. ఈ సంగతి మాత్రం ఇంట్లో ఎత్తడానికి కూడా నోరు రాలేదు.

మామ అంటే మా అమ్మకు తమ్ముడు. కృష్ణపట్నానికి దక్షిణంగా, సముద్రపు పాయ పక్కన, ఉప్పు పండించే కొటారులో సూపర్‌వైజరుగా ఉండేవాడు. పిల్లలు లేరు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, పాత తుపాకులు. వేటకు పోయే మనిషి కాదు. పిట్టను కొట్టగా నేను చూడలేదు. ఎవరి ఇంట్లోనైనా తాతల నాటి తుపాకి అటక మీద పడి ఉందని తెలిస్తే సైకిలెక్కి పోయేవాడు. కాగితాలు సరిగా ఉంటే అడిగి తీసుకుని, తన లైసెన్సు పుస్తకంలో రాయించుకుని ఇంటికి తెచ్చేవాడు. నాకు ఊహ తెలిసేనాటికి ఆయన దగ్గర మూడు ఉండేవి. అడవిపందులను బెదరగొట్టడానికి రైతులు వాడిన ఒంటి గొట్టం తుపాకి ఒకటి. చెకుముకి రాయితో పేలేది ఇంకొకటి. దాన్ని చివరిసారి ఎవరు పేల్చారో ఎవరికీ తెలియదు. మూడోది జోడుగొట్టాల తుపాకి. ఆయన ప్రాణమంతా దాని మీదే.

ఆ గాలిలో ఇనుము బతకడం కష్టం. ఈరోజు తుడిచిన తలుపు గొళ్ళెం మూడో రోజుకు ఎర్రబడుతుంది. మామ నవ్వేవాడు. "నాకు కూడు పెట్టేది ఉప్పే, నా తుపాకుల్ని తినేదీ ఉప్పే. ఎవురితో కొట్లాడమంటావురా?"

ప్రతి ఆదివారం పొద్దున వరండాలో చాప పరిచేవాడు. పాత పంచె గుడ్డలు, కుట్టుమిషను నూనె, చెక్కకు పట్టించడానికి అవిసె నూనె, రకరకాల గరుకు కాగితాలు వరసగా పెట్టుకునేవాడు. మద్రాసు నుంచి కాలేజీ సెలవులకు వెళ్ళినప్పుడల్లా నేనూ ఆ చాప మీద కూర్చునేవాణ్ణి. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుందని, ఆముదం జిగురు పడుతుందని ఆయనే చెప్పాడు. తుపాకి మడమ, అంటే భుజానికి ఆనించే చెక్క, చీలితే దానికి అదే జాతి చెక్క వెతికి అతుకు వేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఒకసారి గొట్టం మీది గోధుమరంగు చూపించి అడిగాడు.

"ఈ రంగు ఏందనుకుంటుండావు?"

"పెయింటు కదా మామా?"

"తుప్పురా అబ్బయా! తుప్పు పట్టించి, తుడిచి, మళ్ళీ పట్టించి, మళ్ళీ తుడిచి, మనం చెప్పినట్టు వినేదాకా మచ్చిక చేస్తే ఇట్టా నిలబడతది. ఇంక లోపలికి పోదు."

సైన్సు చదువుకుంటున్న నాకు అంత తేటగా రసాయన శాస్త్రం చెప్పిన మేష్టరు ఇంకొకరు లేరు.

అత్త ఆ చాప దరిదాపులకు వచ్చేది కాదు. "నా సవతులు ముగ్గురూ తలంట్లు పోసుకుంటుండారు, నడమ నాకేం పని?" అని వంటింట్లోంచే అనేది. ఏడాదికి ఒక్కసారి, మహర్నవమి నాడు మాత్రం, తానే వచ్చి మూడు తుపాకులనూ పీట మీద పెట్టించి, పసుపు పూసి, మూడు వేళ్ళు తడి కుంకుమలో అద్ది ఒక్కసారిగా గొట్టానికి అంటించేది. ఆమె ఉంగరపు వేలి కొన ఎప్పుడో కత్తిపీటకు తెగింది. అందుకని మూడో బొట్టు ఎప్పుడూ సగమే పడేది.

"ఏందే, మూడో బొట్టు అంత పిసినారిగా పెట్టినావు?" అని మామ.

"సవతికి అదే ఎక్కువ, పోవయ్యా" అని అత్త.

మర్నాడు దశమి సాయంత్రం మామ ఆ పసుపు కుంకుమలు శుభ్రంగా తుడిచి నూనె రాసేసేవాడు. తడి పసుపు ఇనుము మీద నిలిస్తే ఏమవుతుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో ఒక దసరాకు అలా తుడవడం పడలేదు. నవమి రాత్రికే అత్తకు జ్వరం తగిలింది. దశమి నాడు తుపాకుల సంగతి ఎవరికి గుర్తుంటుంది? నాలుగో రోజున ఆమె పోయింది. నేను మద్రాసు నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. కర్మలు ముగిసి, చుట్టాలు వెళ్ళిపోయాక, మామ ఆ పీట దగ్గరికి పోయి తుపాకులు తుడిచాడట. రెండింటి మీద ఏమీ లేదు. జోడుగొట్టాల తుపాకి మీద మాత్రం, కుంకుమ తడి నిలిచిన చోట, మూడు తుప్పు చుక్కలు దిగి ఉన్నాయి. రెండు నిండుగా, ఒకటి సగం. మామ వాటిని రుద్దలేదు. మీద పలచగా నూనె రాసి, అలాగే ఉంచేశాడు.

ఇదంతా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మద్రాసులో నేను హేతువాదుల సభలకు పోవడం మొదలుపెట్టాను. ఇంట్లో తిథులూ తద్దినాలూ, ఊళ్ళో దిష్టితీతలూ సోదె చెప్పేవాళ్ళూ, కనిపించిన ప్రతిదాన్నీ నిలదీసేవాణ్ణి. దేనికీ కారణం అడగకుండా ఒప్పుకోవద్దని నెల్లూరు, నాయుడుపేట, తడ దాకా తిరిగి ఉపన్యాసాలు ఇచ్చాను. ఆ మాటలకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను. నా సిద్ధాంతంలో తప్పులేదు. దాన్ని నేను అమల్లో పెట్టని చోటు ఒకటుంది, అంతే.

అత్త పోయిన రెండేళ్ళకనుకుంటాను, ఒక ఆదివారం నూనె గుడ్డతో తుడుస్తూ ఆ చుక్కలు చూశాను.

"మామా, ఇదేంది? ఇంత జాగ్రత్త మనిషివి, తుప్పు వదిలేసినావే?"

"అది నవమి నాటి బొట్టులేరా. ఉండనీ" అన్నాడు ఆయన, చెకుముకి రాయి బిగిస్తూ, తలెత్తకుండా.

అత్త పోయాక నవమి నాడు బొట్లు మామే పెడుతున్నాడు. ఎవరు పెట్టిన బొట్టు, ఏ నవమి నాటిది అని నేను అడగలేదు. బొట్టు చెరిపితే అమ్మవారికి కోపం వస్తుందని భయపడుతున్నాడని నాకు నేనే తేల్చుకున్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. నెల్లూరులో ఒక సభలో దాన్ని ఉదాహరణగా చెప్పాను. ప్రతి మరనూ విప్పి తుడిచే ఒక చదువుకున్న పెద్దమనిషి, మూడు చుక్కల తుప్పును మాత్రం దేవత పేరు చెప్పి పెంచుకుంటున్నాడు, మన దేశానికి పట్టిన తుప్పు కూడా ఇలాంటిదే అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. మామ ఆ సభకు వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడని అయిపోయాక తెలిసింది.

బస్టాండుకు నడుస్తూ ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "బాగా మాట్లాడతండావురా. కానీ నన్ను మరీ అంత పిరికిపందను చేసినావేంది?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మామ అసలు సంగతి ఆ దారిలోనే చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. చెబితే దానికీ నా దగ్గర ఒక వాదం సిద్ధంగా ఉంటుందని అనుకున్నాడేమో. ఉండేదే.

అరవైల నడుమ మామకు కళ్ళలో శుక్లాలు ముదిరాయి. నెల్లూరు ఆస్పత్రిలో ఆపరేషను చేశారు. పది రోజుల తర్వాత ఇంటికి తెచ్చాం. అప్పటికీ కళ్ళకు కట్టు తియ్యలేదు. ఇంకో పన్నెండు రోజులు వెలుతురు తగలకూడదు, వంగకూడదు, గట్టిగా దగ్గకూడదు, ఏడవకూడదు అని డాక్టరు మా అమ్మకు నాలుగుసార్లు చెప్పి పంపాడు. అమ్మ వంటకు, నేను తోడుకు, ఇద్దరం ఆయన దగ్గర ఉండిపోయాం.

మూడో రోజు మామ మంచం మీద నుంచే అన్నాడు. "రేయ్, తుపాకులకు నూనె పెట్టి నెల దాటింది. నువ్వు కాస్త చెయ్యి తిప్పరా."

చెయ్యి తిప్పడంతో నేను ఊరుకోలేదు. కట్టు విప్పగానే ఆయన కంటికి ఆ తుపాకి కొత్తదానిలా కనపడాలనుకున్నాను. ఇది నిజం. నాకు ఆయన మీద ఉన్న ప్రేమ కూడా అబద్ధం కాదు. కానీ ఆ ప్రేమలో, ఆయన్ను గెలవాలన్న పంతం కూడా ఉంది. ముందు ముతక కాగితంతో, తర్వాత సన్నదానితో ఆ మూడు చుక్కలనూ రుద్దేశాను. అరగంట కూడా పట్టలేదు. తెల్లగా బయటపడిన ఇనుముకు చుట్టూ ఉన్న గోధుమరంగు తేవడానికి మాత్రం ఎనిమిది రోజులు పట్టింది. తుప్పు పట్టించడం, తుడవడం, మళ్ళీ పట్టించడం. ఆయన నేర్పిన విద్యే. చివరికి ఎంత తేరిపారచూసినా రుద్దింది ఎక్కడో నాకే కనిపించలేదు.

కట్టు విప్పడానికి ఒక రోజు ముందు ఆగలేక ఆ తుపాకి తెచ్చి మామ ఒళ్ళో పెట్టాను.

"రేపు చూద్దువు గానీ, ముందు చేత్తో చూడు మామా."

ఆయన ముఖం విప్పారింది. మడమ నిమిరాడు. "అబ్బ, అవిసె నూనె బాగా తాగించినావే." పేల్చేముందు వెనక్కి లాగే గుర్రాలు రెండూ తడిమాడు. చెయ్యి గొట్టం మొదటికి వచ్చింది. అక్కడ ఆగింది. వేళ్ళు ముందుకు పోయాయి, వెనక్కు వచ్చాయి, మళ్ళీ పోయాయి.

"చుక్కలేవిరా?"

"పోయినాయి మామా!" నా గొంతులో ఎంత సంబరం! "ఇన్నేళ్ళ భయం అరగంటలో పోయింది. అమ్మవారు ఏమన్నా అంటే నా పేరు చెప్పు."

ఆయన మూడు వేళ్ళు ఒకచోట ఆనించి, "ఈడనా?" అన్నాడు. ఇంకొంచెం పైకి జరిపి, "ఈడనా అబ్బయా? నా చెయ్యి పట్టుకుని ఆ చోటు మీద పెట్టరా" అన్నాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని వంగి చూశాను. నాకు దొరకలేదు. నా పనితనం అంత బాగుంది.

మజ్జిగ గ్లాసుతో వచ్చిన అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. తుపాకి చూసింది, తమ్ముడి వేళ్ళు చూసింది. గ్లాసు కింద పెట్టి పరుగున వచ్చి ఆయన తల పట్టుకుంది.

"ఏడవబాక తమ్ముడా. డాక్టరు వద్దన్నాడు. కళ్ళు పోతాయి, ఏడవబాక."

"ఏడవడంలేదులే అక్కా."

"ఎంత పని చేసినావురా! అవి మీ అత్త పెట్టిన బొట్లు కదరా. ఆ చివరి పండగవి. ఈ ఇంట్లో ఆ బిడ్డవి ఇంకేం ఉండాయిరా, ఒక ఫోటో అన్నా ఉందా?"

సగం పడిన మూడో చుక్క అప్పుడు గుర్తొచ్చింది. ఎన్ని ఆదివారాలు ఆ చుక్కల మీద నూనె గుడ్డ తిప్పాను! కారణం అడగండి అని ఊరూరా చెప్పుకు తిరిగినవాణ్ణి, నా పక్కన చాప మీద కూర్చున్న మనిషిని ఒక్కసారి 'ఎందుకు మామా' అని అడగలేకపోయాను.

"వాణ్ణి ఏమీ అనబాక అక్కా" అన్నాడు మామ. కట్టు తడవకుండా తల వెనక్కి వాల్చి, నోటితో గాలి పీలుస్తూ పడుకున్నాడు. ఒక మనిషి ఏడుపును అలా బలవంతంగా ఆపుకోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. చాలాసేపు అమ్మ ఆయన తల వదల్లేదు. తుపాకి ఆయన ఒళ్ళోనే ఉంది. దాన్ని తియ్యడానికి నాకు ధైర్యం చాలలేదు.

కళ్ళు బాగానే వచ్చాయి. మందపాటి అద్దాలు పెట్టారు. నా మీద కోపం చూపలేదు. ఆ దసరాకు పోయి, పీట వెయ్యమంటావా మామా అని నేనే అడిగాను, నాస్తికుణ్ణి. "ఎందుకులేరా, నువ్వు చెప్పిందే నిజం, తడి మంచిది కాదు" అన్నాడు. ఆ ఇంట్లో ఆయుధపూజ అలా ఆగిపోయింది. వాదంలో నేను గెలిచిన ఇల్లు అదొక్కటే.

ఆదివారాలు చాప పరవడం కూడా క్రమంగా మానేశాడు. మిగతా రెండు తుపాకులనూ, కావాలని అడిగిన ఒక లైసెన్సుదారుకు కాగితాలతో సహా ఇచ్చేశాడు. అరవైల చివర్లో, లైసెన్సు గడువు తీరే నెలలో, "ఇంక దీన్నీ అప్పజెప్పేద్దాం, తోడు రారా" అని కబురు పెట్టాడు. జోడుగొట్టాల తుపాకిని దుప్పట్లో చుట్టుకుని ఇద్దరం బస్సులో పోలీస్‌స్టేషనుకు పోయాం.

రిజిస్టరు రాసే కానిస్టేబులు కుర్రవాడు, మర్యాదస్తుడు. నంబరు చూసుకున్నాడు, గొట్టాల పొడవు కొలిచాడు.

"గీతలూ దెబ్బలూ తుప్పు మచ్చలూ ఏమన్నా ఉంటే చెప్పు పెద్దాయనా, రాసుకోవాల."

మామ తుపాకిని అద్దాలకు తగిలేంత దగ్గరికి తెచ్చుకుని, గొట్టం మొదటి నుంచి చివరిదాకా చూశాడు.

"ఏం లేవు నాయనా."

"నిజమే, భలే ఉంచినారే! ఎవురు చేసినారు ఈ పని?"

"మా మేనల్లుడు" అన్నాడు మామ, నన్ను చూపించి. "మంచి పనివాడు."

కానిస్టేబులు నావైపు మెచ్చుకోలుగా చూసి, రిజిస్టరులో మచ్చలు రాసే గడికి అడ్డంగా ఒక గీత గీశాడు.