చిల్లులున్న జింకతోలు చెప్పులు

అందరం వై టు కె అంటూ, కంప్యూటర్లలో తేదీలు సరిచేస్తూ ఒళ్ళు మరిచి పనిచేస్తున్న రోజులవి. పరాయి దేశంలో ఉద్యోగం. ఆఫీసు జురాంగ్ ఈస్ట్‌లో, మా ఫ్లాటు జురాంగ్ వెస్ట్‌లో. మా ఆయన ప్రాజెక్టు పేరు చెప్పి సిడ్నీలో కూర్చున్నాడు. ఎనిమిది నెలల పాపా, నేనూ, పురిటికని వచ్చి ఉండిపోయిన మా అమ్మా, ఇదీ సంసారం.

మా టీములో టెస్టింగ్ చేసే ఓక్లహోమా ఆవిడ ఓరోజు ఇంటికొచ్చి, తనే కుట్టిన జింకతోలు చెప్పులు పాపకిచ్చింది. తిప్పి చూస్తే రెండింటి అడుగునా చిల్లులే! నా మొహం చూసి నవ్వేసింది. వాళ్ళు లెనాపే అనే ఆదివాసీ జనమట. ఇవాళ న్యూయార్క్ ఉన్న నేల ఒకప్పుడు వాళ్ళది. తెల్లవాళ్ళు తరిమినకొద్దీ పడమటికి జరిగి జరిగి, తరాల తర్వాత ఓక్లహోమాలో తేలారు. చంటిపిల్లల ప్రాణం ఈ లోకంలో ఇంకా కుదురుకోదని వాళ్ళ నమ్మకం. అసలు పేరు కూడా వెంటనే పెట్టరు. పోయినవాళ్ళకి బిడ్డ ముద్దొచ్చి 'మాతో రా' అని పిలుస్తారట. అప్పుడు బిడ్డ 'నా చెప్పులకి చిల్లులు, అంత దూరం నడవలేను' అని చెప్పుకోవాలి. అందుకే తల్లులు ముందే చిల్లులు పెడతారు.

"మా వాళ్ళు నడిచిన దారంతా పిల్లల్ని పాతిపెట్టుకుంటూ వచ్చారు. పిలిచేవాళ్ళు మాకు ఎక్కువ" అంది.

ఈ మాటలన్నీ ఇంగ్లీషులో. అమ్మ వంటింట్లోంచి టీ తెచ్చి, చెప్పులు చూసి మురిసిపోయి వెళ్ళింది.

పది రోజులు తిరక్కుండానే పాపకి జ్వరం. ఫిట్సు. మెదడుకి ఇన్ఫెక్షన్ పాకిందనీ, రేపటిదాకా ఏమీ చెప్పలేమనీ అన్నాడు డాక్టరు. రోజంతా లాజిక్ రాసి బతికేదాన్ని, ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఆ చెప్పుల కోసం కొట్టుకుపోయాను. అమ్మని ఇంటికి తరిమాను. తెచ్చింది. అడుగున కొత్త తోలు, చక్కటి కుట్టు.

"ఇదేంటే అమ్మా?"

"పాపం ఆ అమ్మాయి చూసుకోలేదేమో! చిల్లు చెప్పులు పసిదానికేం శుభమని, బ్లాకు కింద చెప్పులు కుట్టే తాత చేత వేయించానే."

"చంపేశావే దాన్ని! నీ శుభం తగలెయ్య!" వార్డు వార్డంతా తిరిగి చూసింది. ఏడుస్తూనే సంగతంతా చెప్పాను. అమ్మ నర్సునడిగి కత్తెర తీసుకుంది. ఒక్కో కుట్టూ తెంపి, పాత చిల్లుల్ని ఇంకా పెద్దవి చేసింది. తొడగబోతే నర్సు చెయ్యి అడ్డం పెట్టింది. "పాదానికే సూది ఉంది ఆంటీ. షూస్ కెనాట్ లా" అంది అక్కడి ఇంగ్లీషు యాసలో.

ఇంక నావల్ల కాలేదు.

నాకన్నా ముందు అమ్మకి పుట్టిన ఇద్దరు మగపిల్లలూ ఏడాది నిండకుండానే పోయారు. అందుకే నన్ను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, చేటలో ఎత్తుకొచ్చారట. ఆ ఇద్దరి గురించి అమ్మ మాత్రం ఎన్నడూ నోరు విప్పలేదు. అలాంటిది, చెప్పులు చేత్తో పట్టుకుని పాప తలవైపు, ఎవరూ లేని చోటికి తిరిగి మాట్లాడటం మొదలుపెట్టింది.

"మీరేనట్రా నాన్నా పిలిచేది? మీ మేనకోడల్రా అది. ముద్దొస్తోంది, నాకు తెలుసు. ఇదిగో, దీని చెప్పులు చూడండి, అన్నీ చిల్లులే. నడవలేదు. దాన్నొదిలేయండి. ఒక్కళ్ళూ ఉండలేకపోతే నేనొస్తాన్రా. నా చెప్పులు బాగానే ఉన్నాయి."

మర్నాటికి పాప జ్వరం దిగింది. కళ్ళు తెరిచి పాలు తాగింది. అమ్మ పక్కనే కుర్చీలో కునుకు తీస్తోంది. నేను నర్సునడిగి కత్తెర తెచ్చుకుని, అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, ఆమె చెప్పులు రెండింటికీ చిల్లులు పొడిచాను.