ఎనుము ఒంట్లోని బొగ్గు

నేను డిగ్రీ పాసయ్యాను. అమ్మవైపు, నాన్నవైపు ఎంత వెనక్కి వెతికినా కాలేజీ గడప తొక్కినది నేనొక్కదాన్నే. అదీ ఫస్టు క్లాసులో. ఈ మాట ఎవరికి చెప్పినా ఇంకోసారి చెప్పాలనిపిస్తుంది. ప్రొద్దుటూరు బస్టాండులో ఫోనులో రిజల్టు చూసుకుని, జమ్మలమడుగు బస్సెక్కి, పక్కన పూలబుట్టతో కూర్చున్న ఆమెకు కూడా చెప్పేశాను.

"మంచిది పాపా. ఇంగ ఉద్యోగమా, పెండ్లా?" అందామె.

"ముందు మాయమ్మకు చెప్పల్లక్కా."

అమ్మకు చెప్పింది కొట్టంలో. మా వైపు గేదెను ఎనుము అంటాం. మాకున్నది ఒకటే. ఆ సాయంత్రం అది నేలమీద పడి ఉంది. అమ్మ దాని మెడ కింద గోనెసంచి మడిచి పెడుతోంది.

"మా, పాసయినా."

"అయితివా? శానా సంతోషం మ్మే. ఆ పక్కకు వచ్చి కొంచెం ఎత్తు దీన్ని. పొద్దున్నుంచి లేస్తాల్యా."

సంచి భుజాన ఉండగానే ఎనుము డొక్క కింద చేతులు పెట్టాను. అందుకే ఆ రెండు సంగతులూ నాకు విడివిడిగా గుర్తుకు రావు. పాసయిన సంగతి చెప్పాలంటే ఎనుము సంగతీ చెప్పాల్సి వస్తుంది.

దాన్ని పులివెందుల దగ్గర మా మేనమామ చూసి కొనిపెట్టాడు. నాన్న పోయాక మా ఇద్దరికీ దాని పాలే ఆధారం. ఎండలు ముదురుతుండగా ఈనింది. పెయ్యదూడ. అమ్మ జున్నుపాలు వీధంతా పంచింది. ఆ తర్వాత పూటపూటా క్యాను నిండుతూనే వచ్చింది. పాలకేంద్రం ఆయన నవ్వేవాడు.

"అక్కా, ఊరంతా పాలు తగ్గినాయి, నీకు తప్ప. ఏం పెడ్తాండావు దానికి?"

"నీ మాదిరి పాలల్లో నీళ్లు మాత్రం పోయడంల్యాలే."

నిజానికి పెట్టడానికి ఏమీ లేదు. ఒకప్పుడు మా నల్లరేగడి నేలల్లో జొన్న వేసేవాళ్లు, గింజతోపాటు చొప్ప కూడా ఇంటికొచ్చేది. ఇప్పుడు అందరూ శనగ వేస్తున్నారు. శనగతో పొట్టు తప్ప మేత రాదు. ప్రొద్దుటూరు వైపు కాలువ కింది వరిగడ్డి ట్రాక్టర్లలో వచ్చేది. ఆ ఏడు కాలువలో నీళ్లే రాలేదు. గానుగచెక్క, తవుడు పాల దుడ్లతో కొనాలి. ధర పెరిగేకొద్దీ అవి దాని ముందు తగ్గుతూ వచ్చాయి, క్యాను మాత్రం నిండుతూనే వచ్చింది. అమ్మకు అదే ధైర్యం. ఎవరు అడిగినా "పాలు తగ్గల్యా గదా, గొడ్డు బాగుండాది" అనేది. మా ఊళ్లో అందరూ గొడ్డు ఆరోగ్యాన్ని పాలచెంబులోనే చూస్తారు.

ఆ రోజుల్లోనే కాలేజీలో మా సారు శక్తి నిత్యత్వం చెప్పాడు. శక్తిని పుట్టించలేం, మాయం చేయలేం, అది రూపం మార్చుకుంటుంది, అంతే. ఇది చిన్న క్లాసుల్లోనే బట్టీపట్టాం. కానీ ఆయన ఆ రోజు దాన్ని యంత్రాలతో ఆపలేదు. "ముద్దనూరు పక్క పొగగొట్టాలు చూస్తుంటారు కదా. బొగ్గు ఆగితే అక్కడ కరెంటు ఆగిపోతుంది. జీవి అట్లా ఆగదు. బయటినుంచి రాకపోతే తన ఒంట్లోని కొవ్వునే బొగ్గు చేసుకుంటుంది. అదీ అయిపోతే కండ. తిన్నదీ, ఒంట్లోంచి కరిగినదీ కలిపితే ఎంతో, వేడిగా, పనిగా, పాలుగా, పేడగా బయటికి పోయేది సరిగ్గా అంతే. ఏ ప్రాణికీ ఇందులో మినహాయింపు లేదు" అన్నాడు.

నాకు ఒళ్లు పులకరించింది. మా మిద్దె మీదినుంచి కనిపించే పొగగొట్టానికీ, చీమకూ, నాకూ ఒకటే నియమం. బస్సులో దారంతా కిటికీలోంచి కనిపించిన ప్రతి ప్రాణినీ అట్లాగే చూశాను. మేకల వెనక నడిచే ఆమె, సైకిలు తొక్కే ముసలాయన, తీగ మీది కాకి, అందరూ పొద్దున తిన్నదాన్ని మెల్లగా కాల్చుకుంటూ పోతున్నారు. ఇంత సంతోషం పాఠంలో ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు. ఇంటికి రాగానే, పాలు పిండుతున్న అమ్మ పక్కన గొంతుకూర్చుని మొత్తం చెప్పాను. అమ్మ చేతులు ఆపకుండానే వింది.

"అయితే ఈ పాలు యాడినుంచి వస్తాండాయంటావు?"

చెప్పబోయి ఎనుమును చూశాను. పాఠం వినకముందు అట్లా ఎప్పుడూ చూడలేదు. వెన్ను దూలంలా పైకి తేలింది. తుంటి ఎముకల మధ్య చర్మం గుంటలు పడింది.

"దాని ఒంట్లోనుంచి మా. తినేది చాలడంల్యా. కొవ్వు కరిగించి ఇస్తాంది."

అమ్మ చేతులు ఆగాయి. ఎనుము తల తిప్పి ఆమెను చూసింది, ఎందుకు ఆపావన్నట్టు.

"పిండడం ఆపితే నిలబడుతుందా?"

"ఆపి, మేత పెడితే."

"మేత వచ్చేదే పాలు అమ్మితే గదా."

"ఊఁ."

"అయితే మీ సారు ఎనుముకు బాగనే చెప్పినాడు. నాకేం చెప్పినాడు?"

అట్లా అంది. అయినా అమ్మ ఆ సాయంత్రం నుంచే మాపటి పాలు పిండడం మానేసి దూడకు వదిలింది. తన సంగటిలో సగం నీళ్లలో పిసికి ఎనుము ముందు పెట్టేది. నా పరీక్షలు అయిపోయి రిజల్టు కోసం చూస్తుండగా ఒక ఆదివారం మామ వచ్చాడు, మోటారు సైకిలు వెనక రెండు మోపుల పచ్చగడ్డి కట్టుకుని. తన చీనీతోట, అదే బత్తాయితోట, గట్ల మీద మిగిలిందంతా కోసుకొచ్చానన్నాడు. బోరు ఎండుతోంది, చెట్లకే చాలడం లేదు.

"ఏం కోడలా, ఎనుముకు పాఠాలు చెప్తాండావంటనే" అని నన్ను ఎగతాళి చేశాడు. తర్వాత కొట్టంలోకి పోయి, ఎనుము వీపు మీద చెయ్యి వేసి, నవ్వడం మానేశాడు.

"అక్కా, ఇది అయిపోతాంది. నువ్వూ అట్లనే అయినావు."

"నాకేమప్పా, నేనేమన్నా పాలిస్తాండానా."

ఆ పచ్చగడ్డిని ఎనుము వాసన చూసి వదిలేసింది. అప్పుడు భయమేసింది నాకు. అంతవరకూ మేత లేకపోవడమే కష్టమనుకున్నాం. ఇప్పుడు మేత ముందున్నా తినాలన్న కోరిక దానికి పోయింది.

జమ్మలమడుగు నుంచి పశువుల డాక్టరు వచ్చాడు. దాని మూతి దగ్గర వాసన చూసి, నన్నూ చూడమన్నాడు. మాగిపోయిన పండులా తియ్యటి, పుల్లటి వాసన. "కొవ్వు మరీ వేగంగా కరిగితే ఈ వాసన వస్తుంది. అప్పుడు గొడ్డుకు మేతంటేనే అసహ్యం పుడుతుంది. ఇప్పుడు కరగడానికి కూడా పెద్దగా ఏమీ లేదు" అన్నాడు. గ్లూకోజు ఎక్కించాడు. కొట్టం వాసానికి సీసా కట్టి, గొట్టం నేను పట్టుకున్నాను.

సీసా సగం కాకముందే ఎనుము చెవులు కదిలాయి. సాయంత్రానికి గడ్డి నమిలింది. నా సంతోషం చెప్పలేను. కళ్లముందే శక్తి గొట్టంలోంచి దిగి, చెవులయి, దవడయి కదిలింది. మామకు ఫోను చేసి "మామా, తింటాంది" అని అరిచాను. ఒక రెండు రోజులు అట్లా నడిచింది. సీసాలోది ఎంతసేపు కాలుతుందో లెక్క వేసుకోవాలని నాకు తోచలేదు. డాక్టరు ఇంకో సీసా పెట్టాడు. ఆ తర్వాత మళ్లీ వచ్చి పెట్టినప్పుడు చెవులు కదలలేదు.

రిజల్టు వచ్చింది ఆ మరునాడే.

వీధిలో వాళ్లు వచ్చి గోనెసంచులు, తాళ్లు దాని కింద దూర్చి ఎత్తారు. నిలబెట్టారు కూడా. వదిలితే కాళ్లు మడతపడ్డాయి. "పాప పాసయిందంట గదక్కా, స్వీట్లేవీ" అని ఒకాయన తాడు లాగుతూనే అడిగాడు. అమ్మ "ఇది లేస్తే పెడ్తాలే" అంది. ఇంకోసారి ఎత్తారు. కాళ్లు మళ్లీ మడతపడ్డాయి. తాళ్లు చుట్టుకుని వెళ్లిపోయారు.

మరుసటి రోజు మధ్యాహ్నం అది చనిపోయింది. అమ్మ దూడను దూరంగా కట్టడానికి వెళ్లింది. నేను డొక్క మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. వెచ్చగానే ఉంది. చాలాసేపు అట్లాగే ఉంది. ఆ వేడి నా అరచేతిలోకి, నేలలోకి, రేకుల కింది గాలిలోకి పోతోంది. సారు చెప్పినట్టు అందులో పిసరంతైనా మాయం కాదు. అంతా ఇక్కడే ఎక్కడో ఉంటుంది, కానీ దాన్ని మళ్లీ పోగుచేసి ఒక కాలు కూడా కదపలేం. ఇదీ మా పాఠంలో ఉంది. పరీక్షలో రాస్తే మార్కులు కూడా వేశారు.

సాయంత్రం దూడ అరుపు మొదలైంది. అమ్మ క్యాను కడిగి, తీసుకుని బయలుదేరింది. నేనూ వెంట నడిచాను.

"ఏమక్కా, ఈ పూట పోస్తాండావా?" అన్నాడు పాలకేంద్రం ఆయన. ఆయనకు ఇంకా తెలియదు.

"పోయించుకుంటా. దూడకు."

ఆయన పెద్ద క్యానులోంచి ముంచి పోశాడు. ఆ క్యానులోకి చుట్టుపక్కల కొట్టాల పాలన్నీ వస్తాయి. ఏ కొట్టంలోనూ చొప్ప లేదని నాకు తెలుసు.

ఇంటికొచ్చి అమ్మ వేళ్లు పాలలో ముంచి దూడ నోట్లో పెట్టింది. అది తల విదిలించి, తర్వాత చీకడం మొదలుపెట్టింది.

"ఫస్టు క్లాసేనా?" అంది నావైపు చూడకుండా.

"ఆ."

"మీ సారు ఇంగేమన్నా చెప్పినాడా మ్మే? మేత ల్యాకుంటే ఇదెట్లా బతుకుతాదో?"

"ల్యా మా. పాఠం అంతవరకే."

అమ్మ మళ్లీ వేళ్లు ముంచింది.