చీరల కొట్టాయన చూసిన డెస్క్‌టాప్‌లు

తిరువూరులో నేను కంప్యూటర్లు బాగుచేసే రోజుల్లో, ఎదురు చీరల కొట్టాయన పాత కంప్యూటర్ తెచ్చి, ఉచితంగా దొరికే లినక్సు సాఫ్ట్‌వేర్ వేయమన్నారు. అందులో డెస్క్‌టాప్‌లు చాలా రకాలుంటాయి, తెర ఎలా కనబడాలో మనమే ఎంచుకోవచ్చు అని నోరు జారాను. ఆయన కుర్చీలోనే మఠం వేసుకుని కూర్చున్నారు.

ఒక్కోటి చూపిస్తుంటే, చీర అంచు పట్టి చూసినట్టు గాలిలో రెండు వేళ్లూ రాసుకుంటూ, "ఇందులోనే కాస్త లేత రంగు తీయండి" అనేవారు. కాసేపాగి, "ఆ మొదటిది మళ్లీ చూపించండి." భోజనం మానుకుని ఆరు రకాలు ఎక్కించాను.

సాయంత్రం లేచి, చెప్పులేసుకుంటూ, "అన్నీ బాగానే ఉన్నాయండి. ఇంట్లో అడిగి చెబుతా" అన్నారు.

ఒళ్లు మండింది. కానీ ముందు వారమే మా ఆవిడకని ఆయన చేత నలభై చీరలు విప్పించి, నేనూ అదే మాట చెప్పి చెప్పులేసుకున్నాను.