అంబ్రోజ్ పెదనాన్న ఎదురెళ్లిన రోజు

మా అంబ్రోజ్ పెదనాన్నకు చదువు రాదు. వాంకూవర్ దీవి పడమటి ఒడ్డు కొండలు మాత్రం కంఠతా వచ్చు. సముద్రంలో ఎక్కడ నిలబడితే ఏ రెండు కొండలు ఒక వరసలోకి వస్తాయో కళ్లు మూసుకుని చెప్పేవాడు. మా ఊరి పడవలు ఇల్లు చేరేది ఆ లెక్కమీదే. ముందు కొండమీద చరియ విరిగిన తెల్లటి చార, వెనక మంచుకొండ నొక్కు కిందికి రావాలి. వస్తే ఎదురుగా మా ఊళ్లోకి తీసుకెళ్లే సముద్రపు పాయ. రాకపోతే రాళ్లే.

"దిక్సూచి ఒకటి కొనుక్కోవచ్చుగా బావగారూ" అని అమ్మ ఎగతాళి చేసేది.

"కొండలకి తుప్పు పట్టదులే ఫిలొమినా" అనేవాడు.

కలప కంపెనీవాళ్లు పక్క కొండమీద దేవదారులన్నీ కొట్టేసి, బోడిగుండు చేసి పోయారు. వాళ్లనేం అనాలో నాకింకా మాట దొరకలేదు. ఆ అక్టోబరులో మూడు రోజుల వానకు ఆ కొండ జారింది. తెల్లారి చూస్తే అక్కడా అలాంటి చారే. పాత చారను మబ్బు కప్పేసింది. కొత్తది ఒక్కటే కనిపిస్తోంది, పైన ఇంకో నొక్కుతో సహా. నాన్న హాలిబట్ చేపల వేటకెళ్లి అప్పటికి నాలుగు రోజులు. పడవలో రేడియో ఎండాకాలంలోనే పాడైంది.

"మీ తమ్ముడికి ఈ సంగతి తెలీదు బావగారూ! సూటిగా రాళ్లమీదికి వస్తాడు!" అమ్మ ఆయన చొక్కా పట్టుకుంది.

"నేను లేనా? ఆ రాళ్ల దగ్గరే అడ్డంగా నిలబడతా. ఎట్లా వస్తాడో చూస్తా" అని బొత్తాలు కూడా పెట్టుకోకుండా పడవ తోశాడు.

మాలో ఒక పద్ధతి ఉంది. తుపాను రోజుల్లో ఆలస్యమైన పడవకోసం ఇంటి పెద్ద పాయ మూతి దగ్గర పడవ ఆపుకొని ఎదురుచూస్తాడు. పెద్దవాడి పడవ కనబడితే ఇక కొండలు చూడక్కర్లేదు. సూటిగా దాని దగ్గరికే రావాలి. నాన్నకు అది నేర్పింది పెదనాన్నే. ఆ కంగారులో ఆయనకే గుర్తు రాలేదు. ఒడ్డున దేవుణ్ణి తిట్టుకుంటూ నిలబడ్డ మాకూ రాలేదు.

మధ్యాహ్నం వానలోంచి నాన్న పడవ బయటపడింది. కొత్త చార వైపు తిరిగి కాసేపు ఆగింది. అనుమానం వచ్చినట్టుంది. అంతలో అన్న పడవ కనబడింది. పెదనాన్న లేచి నిలబడి రెండు చేతులూ ఊపాడు, గొంతు పోయేలా అరిచాడు. నాన్న సూటిగా ఆయన వైపే ఇంజను వేగం పెంచాడు. ఇద్దరి మధ్యా నీళ్లకింద రాళ్లు.

చెక్కలు దొరికాయి. నాన్న దొరకలేదు.

పెదనాన్న ఇంకో పదకొండేళ్లు బతికాడు. మళ్లీ పడవ ఎక్కలేదు. అమ్మ ఆయన్ను ఒక్క మాటా అనలేదు, రోజూ కూడు మాత్రం పంపించేది. ఆ మౌనాన్ని ఆయన ఎలా భరించాడో నాకు తెలియదు. ఉండబట్టలేక ఒకసారి నేనే అడిగాను.

"నాన్న నీకు కనబడ్డాడా పెదనాన్నా?"

"కనబడ్డాడు. మొహం తెలిసేంత దగ్గరికొచ్చాడు."

పొయ్యిలోకి ఇంకో కట్టె తోశాడు.

"'వచ్చేశా అన్నా' అన్నాడమ్మా. నవ్వుతూ అన్నాడు."