అక్క ఆపిన గోలీ

మా అక్క గద్వాలలో జాకెట్లు కుట్టేది. చిన్నప్పటి కీళ్ల జ్వరం ఆమె గుండెను పాడుచేసింది. పెద్దయ్యాక హైదరాబాదులో ఆపరేషన్ చేసి గుండెలో లోహపు కవాటం అమర్చారు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఒక చిన్న గోలీ మింగేది. రక్తం గడ్డకట్టకుండా పలచగా ఉంచే మందు అది. పెళ్లికి పోయినా కొంగున ముడివేసుకుని పోయేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు ఆమె కుడికంటికి పొర కమ్మింది. సూదిలో దారం ఎక్కక విసుక్కునేది. బావ ఆమెను వనపర్తిలో ఒక ప్రైవేటు కంటి దవాఖానకు తీసుకెళ్లాడు. నేను నాగర్‌కర్నూల్ నుంచి బస్సెక్కి నేరుగా అక్కడికే పోయాను.

డాక్టరు గోలీల పట్టీ చూసి పక్కన పడేశాడు.

"ఇది బంద్ చెయ్యాలె. ఆపరేషన్ల నెత్తురు ఆగకపోతె కన్నే పోతది."

"ఒక్కరోజు గూడ మర్వొద్దని గుండె డాక్టర్ చెప్పిండు సార్," అంది అక్క.

"గుండె సంగతి ఆయన జూస్తడు. బంద్ చేస్తెనే రాండ్రి."

ఆయనను ఒకసారి ఫోనులో అడగండి సార్ అని నేను అనేలోపే తర్వాతి మనిషిని పిలిచాడు. బావ బయట టెలిఫోన్ బూత్ నుంచి హైదరాబాదుకు ఫోన్ చేశాడు. గుండె డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నాడన్నారు. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

అక్క గోలీ ఆపింది. ఆపరేషన్ బాగానే జరిగింది. కట్టు విప్పాక ఎదురుగా ఉన్న క్యాలెండర్ అంకెలు గడగడా చదివింది. ఇంటికి పోయే ముందు నర్సును అడిగింది.

"గోలి మల్ల ఎప్పుడు షురూ చెయ్యాలమ్మా?"

"చుక్కల మందు అయిపోనీ. అప్పుడు సార్ చెప్తడు."

ఆ చుక్కలు అయిపోకముందే, ఒక పొద్దున టీ పెడుతూ అక్క పొయ్యి దగ్గరే కూలబడింది. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. కవాటం దగ్గర గడ్డకట్టిన రక్తం మెదడులోకి పోయిందన్నారు. కుడిచెయ్యి, కుడికాలు, మాట మూడూ పడిపోయాయి. అక్కడి డాక్టరు మమ్మల్ని పక్కకు పిలిచి, ఈ గోలీ ఎవరు ఆపమన్నారని అడిగాడు. రక్తపరీక్ష చేసి, గోలీ ఆపకుండానే కంటిపొర తీయొచ్చన్నాడు. ఆపక తప్పని చోట కూడా మనిషిని ఊరికే వదలరు, గోలీకి బదులు రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇస్తారన్నాడు. వింటుంటే నా ఒళ్లు మండిపోయింది.

అక్కను ఇంటికి తెచ్చాక బావా నేనూ వనపర్తి వెళ్లాం. కంటి డాక్టరు అంతా విన్నాడు.

"కన్ను మంచిగ కనిపిస్తుంది గద? మా పనిల తప్పేముంది?"

"కన్నొక్కటే రాలేదు సార్ నీ దగ్గరికి. మనిషొచ్చింది," అన్నాడు బావ. గొంతు పెంచలేదు. డాక్టరు తర్వాతి మనిషి కోసం బల్లమీది గంట నొక్కాడు. బయట వరుసలో కూర్చున్నవాళ్లు మమ్మల్ని చూసి తలలు దించుకున్నారు.

ఆ తర్వాత అక్క చాలా ఏళ్లు బతికింది. అన్నం తినిపించేదీ, సాయంత్రం గోలీ మింగించేదీ బావే. కుట్టుమిషన్‌ను బావ మేనకోడలికి ఇచ్చేశాం. మిషన్‌ను గడప దాటిస్తుంటే మంచంలోంచి చూస్తూనే ఉంది. నోరు కదిలింది, మాట రాలేదు.

కొన్నాళ్లకు ఎడమకంటికి కూడా పొర వచ్చింది. మా ఇంట్లో ఎవరూ ఆపరేషన్ మాట ఎత్తలేదు. ఆ కన్ను అట్లాగే పోయింది.