జవాబు రాయని పాట

బస్సు అవనిగడ్డ దాటాక కిటికీలోంచి రొయ్యల మేత వాసన కొడుతుంది. పక్క సీటువాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఇప్పటికీ స్టేజీ ఎక్కబోతున్నట్టు ఉంటుంది. దానికి కారణం బందరులో నాకు సంగీతం నేర్పిన రాజ్యం టీచర్.

టీచర్‌ది నాగాయలంక వైపు ఊరు. చిన్నప్పుడు చెల్లెలితో కలిసి పాడేవారట. ఉప్పెనలో ఆ చెల్లెలు పోయాక ఇంకెవరి పక్కనా కూర్చుని పాడలేదు. మాకు పాఠం చెప్పడం, తప్పు పాడితే మొహమాటం లేకుండా తిట్టడం, అంతే. తొంభైల్లో రొయ్యల చెరువులు జోరుగా తవ్వుతున్నప్పుడు, వాళ్ళ ఊరికి థాయ్‌లాండ్ నుంచి ఒక టెక్నీషియన్ వచ్చాడు. సెలవులకి ఊరెళ్ళిన టీచర్‌కి తన దేశపు పల్లెపాటల క్యాసెట్ ఇచ్చాడు. వరదనీళ్ళు పొలాలెక్కే కాలంలో ఆడవాళ్ళొక పడవలో, మగవాళ్ళొక పడవలో కూర్చుని పాటతోనే ప్రశ్నలు వేసుకుంటారని, జవాబు అప్పటికప్పుడు కట్టాల్సిందేనని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడట.

ఆ పద్ధతిలో టీచర్ తెలుగులో ఐదు పాటలు వరసగా కట్టారు. ప్రశ్న తను పాడతానని, జవాబు నన్ను పాడమన్నారు. నా తంటాలు అక్కడ మొదలయ్యాయి. నేను అలవాటుకొద్దీ ప్రతి స్వరాన్నీ ఊపేదాన్ని. గమకం తీసెయ్యమనీ, నీళ్ళకి అవతల వినపడాలనీ విసుక్కునేవారు. నాలుగు పాటలు కుదిరాయి. ఐదోదానికి ఆవిడ ప్రశ్న మాత్రమే ఉంది. గుడివాడలో కచేరీ దగ్గర పడుతోంది. నా జవాబేదని అడిగితే అక్కడే కట్టుకోమన్నారు. నేర్పని ముక్క నోట రాని పిల్లని నేను. రాసిస్తే ఏం పోయిందని గట్టిగానే అడిగాను.

టీచర్ శ్రుతిపెట్టె ఆపేశారు. "ఇన్నేళ్ళూ మా చెల్లి జవాబులు కూడా నేనే కట్టుకుని పాడుకున్నానే. ఇంకో మనిషి పలకాలి. నువ్వూ పలక్కపోతే ఇంక పాడను."

కచేరీలో నాలుగు పాటలూ బాగానే నడిచాయి. తర్వాత టీచర్ కళ్ళు మూసుకుని ఎత్తుకున్నారు: "దారి మునిగింది, దీపమారింది, ఆ ఒడ్డున ఎవరున్నారు?"

నేను పాత నాలుగు పాటల్లో మాటలు వెతుక్కుంటున్నాను. శ్రుతి ఒక్కటే మోగుతోంది. నేను మర్చిపోయాననుకుని, నా పరువు కాపాడదామని వయొలిన్ వాయించే పెద్దాయన మంగళం ఎత్తుకున్నారు. పాపం, మంచి మనసుతోనే. మంగళం చెవిన పడితే మనవాళ్ళు ఆగుతారా? కుర్చీలు జరిగాయి, చెప్పుల వెతుకులాట మొదలైంది, మృదంగం కూడా అందుకుంది. టీచర్ ముఖం పాలిపోయింది. అయినా ఆ మంగళం మీదుగానే మళ్ళీ అడిగారు: "ఆ ఒడ్డున ఎవరున్నారు?"

"నేనున్నాను," అని పాడాను. "మెడలోతు నీళ్ళలో ఉన్నాను. మీ గొంతు వెంటే వస్తున్నాను."

వయొలిన్ ఆగింది. లేచినవాళ్ళు లేచినట్టే నిలబడ్డారు. టీచర్ కళ్ళు తెరిచి, ముందుగా అనుకోని ప్రశ్న పాడారు: "అన్నం తిన్నావా?"

"ఇంకా లేదు," అని పాడాను. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

ఇప్పుడు టీచర్ లేరు. ప్రశ్న పాడేది నేను. జవాబు రాసిమ్మని నా దగ్గర నేర్చుకునే పిల్లలూ ఏడుస్తారు, నేనూ రాసివ్వను. ఆ రోజు భయమంతా నాదే అనుకున్నాను. ఐదో పాటలో ప్రశ్న అడిగేసి, ఎవరైనా పలుకుతారా అని ఎదురు చూసేటప్పుడు తెలుస్తోంది, ఆవిడ ఎంత భయపడ్డారో.