పంచాయతీ అరుగు మీద చాటలు

నా చిన్నప్పుడు నేను బడికి టైముకు పోయిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అందులోనూ రెండు ఆదివారాలు.

తప్పు నాది కాదు, బిందెది. రుద్రూర్ దిక్కు చెరుకు తోటల మధ్య మా ఊరు. పెద్ద వీధికి నల్లా నీళ్ళు వచ్చాయి గానీ బీడీలు చుట్టుకునే మా వాడకు రాలేదు. ఊరవతల ఒక రైతు తోట బావి నుంచి నాలుగు బిందెలు మోసి బడికి చేరేసరికి పంతులు హాజరు పట్టీ మూసేసేవాడు. "వచ్చిందమ్మా మహారాణి" అనేవాడు. "గుర్రం దొరకలే సార్" అనేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు, ఆయనా నవ్వేవాడు. ఒకరోజు మాత్రం నవ్వలేదు. ఇంక ఇట్లాగే వస్తే ఎండాకాలం సెలవుల లోపు పేరు కొట్టేస్తానన్నాడు. అప్పుడు నాకు పదకొండేళ్ళు, ఐదో తరగతి.

ఆ మాట చెప్పగానే మా నాయనమ్మ బీడీ ఆకు కత్తిరిస్తున్న కత్తెర కింద పెట్టింది. వాడంతా ఆమెను అవ్వ అనే పిలిచేది. పొద్దుగూకకముందు ఆమె కత్తెర ఆగడం నేను చూడడం అదే మొదలు.

మరునాడు వాడలోని ఆడవాళ్ళంతా పని మానేసి పంచాయతీ ఆఫీసు ముందుకు పోయారు. నా గొంతు పెద్దది కాబట్టి నినాదాలు నాకే అప్పజెప్పారు. నల్లా కావాలని నేను అరిస్తే మిగతావాళ్ళు కావాలె, కావాలె అన్నారు. సర్పంచి బయటికి వచ్చి, మా మధ్యనే నిలబడి, పిడికిలి ఎత్తి మాకంటే గట్టిగా కావాలె అన్నాడు. మేం చప్పట్లు కొట్టాం. ఎవరి మీద అరవడానికి వచ్చామో ఆయనే మాతో కలిసి అరుస్తుంటే ఇంకేం చేస్తాం? వచ్చే నెలలో వేయిస్తానన్నాడు. సంతోషంగా ఇంటికొచ్చాం.

వచ్చే నెల వచ్చింది, పోయింది. మళ్ళీ పోదామంటే ఎవరూ లేవలేదు. ఒక రోజు బీడీలు చుట్టకపోతే మరునాడు పొయ్యి వెలగని ఇళ్ళు మావి. పక్కింటి చిన్నమ్మ అననే అంది. "మనం ఒర్రితే ఎవలింటరవ్వా? ఓట్లేసినం, అయిపాయె. మల్ల ఎలచ్చన్ల దాక ఆయినెదే రాజ్జెం."

నాయనమ్మకు కోపం రాలేదు. "ఒర్రుడు తప్పు గాదు బిడ్డా. పని ఇంట్ల ఇడిశిపెట్టి పోవుడు తప్పు. ఆకలే మనల్ని ఎనుకకు గుంజుకచ్చింది. రేపు పనిని సంకల వెట్టుకొని పోదాం" అంది.

అట్లా మరునాడు ఇరవై చాటలు పంచాయతీ అరుగెక్కాయి. గోనెసంచులు పరిచి, ఆకు, తంబాకు ఉన్న చాటలు ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో ఎట్లా చుట్టేవాళ్ళో అక్కడా అట్లాగే చుట్టారు. అరుపులు లేవు. రెండో రోజూ పోయారు, మూడో రోజూ పోయారు. పని ఆగలేదు కాబట్టి ఎవరికీ ఇంటికి ఉరకాల్సిన తొందర లేదు.

నాకు మాత్రం ఊరికే కూర్చోవడం చేతకాదు. బిందెలు మోసి, బడి గంటయ్యాక ఎట్లాగూ తిడతారని నేరుగా అరుగు మీదికే పోయేదాన్ని. గాలి ఆఫీసు కిటికీ దిక్కు వీస్తోందని కనిపెట్టి, తంబాకు చాట ఎత్తి చెరిగాను. మొదటి తుమ్ము గుమాస్తాది. రెండోది సర్పంచిది, అది మైకు లేకుండానే బస్టాండు దాకా వినపడింది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. యుద్ధం గెలిచానని నేను నాయనమ్మ వైపు చూశాను.

ఆమె చాట గుంజుకుంది. "తుమ్ములకు నల్లా రాదే. కిటికి మూసుకుంటరు, గంతే." చెప్పినట్టే గుమాస్తా కిటికీ మూశాడు.

అప్పుడే నాకు అసలు సంగతి కనపడింది. నేను కిటికీని చూస్తున్నాను. నాయనమ్మ మెట్లను చూస్తోంది. ఇంటి పన్నుకో, ఏదో కాగితానికో ఊరివాళ్ళు ఆ మెట్లెక్కాల్సిందే. ఎక్కిన ప్రతివాళ్ళూ ఇదేందవ్వా అని అడిగేవాళ్ళు. ఆమె ప్రతివాళ్ళకూ విసుగు లేకుండా నల్లా మాటే చెప్పేది, నా పేరు కొట్టేసే సంగతితో సహా. వారం తిరిగేసరికి మేం నీళ్ళు తెచ్చుకునే తోట బావి రైతే లోపలికి పోయి, "గీ బిందెలోళ్ళ తోని నా బావి గడ్డ కూలుతున్నది, జర నల్లేయరాదయ్యా" అని సర్పంచిని నిలేశాడు. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరు.

పన్నెండో రోజు సర్పంచి దస్తీ ముక్కుకు పెట్టుకుని వచ్చాడు. "అవ్వా, లేస్తవా లెవ్వవా? నన్నేం జెయ్యుమంటవు?"

"నీకోసం గూసోలే బిడ్డా," అంది నాయనమ్మ, చేతిలో బీడీకి దారం చుడుతూనే. "నీ దగ్గరికి అచ్చేటోళ్ళ కోసం గూసున్న. ఆళ్ళే గదా నిన్ను గా కుర్సీల గూసోబెట్టింది."

ఆయన తిరిగి ఆ మెట్ల వంక చూశాడు. ఆ వారమే మెంబర్లను పిలిచి తీర్మానం రాయించాడు. గొట్టాలు దిగింది మాత్రం వానలు పోయాక. ఆలోపే పంతులు అన్నంత పనీ చేశాడు. నా పేరు పోయింది. బడి తెరిచేనాటికి నా ఒళ్ళోకి చాట వచ్చింది.

నల్లా వచ్చిన పొద్దున మా చెల్లె ముఖం కడుక్కుని, నూనె పెట్టిన జడలతో గంటకు ముందే బడికి పోయింది. నేను గడపలో కూర్చుని చూశాను. ఏడుపు రాలేదంటే అబద్ధం. నాయనమ్మ నా చాటలోంచి సగం ఆకు తన చాటలోకి తీసుకుంది. తర్వాతి ఎన్నికల్లో నిలబడిన వాళ్ళందరూ మొదట మా వాడకే వచ్చారు. చిన్నమ్మ వాళ్ళను నిలబెట్టి మురికినీళ్ళ మోరీల సంగతి అడిగింది.

రోడ్డు మీద కూర్చుంటే సర్కారు మారుతుందా అని ఇప్పుడు మా మనవరాలు అడుగుతుంది. ఒక్కరోజు కూర్చుంటే మాట ఇస్తారు, రేపు కూడా కూర్చోగలిగితే పని చేస్తారు అంటాను. చేసినా, కూర్చున్నవాళ్ళకే అందుతుందని నమ్మకం లేదు. మా చెల్లె పంతులమ్మ అయింది. నేను ఐదో తరగతి దగ్గరే ఆగాను.

నాయనమ్మ పరిచిన గోనెసంచి ఇంకా నా దగ్గరే ఉంది. నాకు అరవై ఏళ్ళు దాటినా వాడలో ఎవరైనా "ఆఫీసుకు పోదాం పా" అంటే ముందు దాన్నే చంకలో పెట్టుకుంటాను. ఆ తర్వాతే చెప్పులు వెతుకుతాను.